పరిశోధనను పదుగురికీ విప్పి చెప్పడం

పిహెచ్‌డి చేస్తున్న వాళ్లను చుట్టాలు, ఇరుగుపొరుగు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "ఇంతకీ దేని మీద చేస్తున్నావమ్మా?" జవాబుగా చాలామంది తమ థీసిస్ శీర్షిక చెబుతారు. ఆ శీర్షిక పెట్టింది పరీక్షకుల కోసం. అడిగినవారికి అందులో ఒక్క ముక్కా అందదు. "మంచిది, బాగా చదువుకో" అని మాట మారుస్తారు. అక్కడ తెగిపోయిన సంభాషణను మళ్లీ అతికించే పని గురించే ఈ వ్యాసం. విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి సాగిన పరిశోధనను ఆ శాస్త్రంతో పరిచయం లేనివారికి మాటలో, రాతలో, ప్రదర్శనలో అందించే పద్ధతులన్నీ దీని కిందికే వస్తాయి. గత రెండు దశాబ్దాల్లో దీని చుట్టూ పోటీలు, శిక్షణలు, బహుమతులు వచ్చాయి గాని, మూలం మాత్రం చాలా పాతది.

పదిమంది ముందు పరీక్ష

కొత్త విషయం కనుక్కుని రాసినవారికే డాక్టరేటు అన్న నేటి పద్ధతి 1810లో మొదలైన బెర్లిన్ విశ్వవిద్యాలయం వంటి జర్మన్ విద్యాసంస్థల్లో స్థిరపడింది. అమెరికాలో యేల్ 1861లో తొలి పిహెచ్‌డిలు ఇచ్చింది. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ 1917లో ఈ దారి పట్టింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందునుంచే యూరప్ విశ్వవిద్యాలయాల్లో పట్టా కోరేవాడు సభలో నిలబడి తన వాదాన్ని నిలబెట్టుకోవాల్సి వచ్చేది. ఉత్తర యూరప్ దేశాలు ఆ ఆచారాన్ని ఇప్పటికీ వదలలేదు.

ఫిన్లాండ్‌లో థీసిస్ పరీక్ష తలుపులు ఎవరికైనా తెరిచే ఉంటాయి. పరీక్షకుడు ప్రశ్నలు మొదలుపెట్టే ముందు అభ్యర్థి లేచి, తాను ఏం వెతికాడో, అది ఎందుకు ముఖ్యమో సభలో ఉన్న మామూలు మనుషులకు తెలిసే మాటల్లో చెప్పాలి. ఈ తొలి ప్రసంగానికి లెక్టియో ప్రేకుర్సోరియా అనే లాటిన్ పేరుంది. 20 నిమిషాలు మించకూడదు. నెదర్లాండ్స్‌లో చాలా విశ్వవిద్యాలయాలు పరీక్షకు ముందు అమ్మానాన్నలు, స్నేహితులు కూర్చుని ఉండగా ఒక చిన్న ప్రసంగం చేయిస్తాయి. దాన్ని డచ్చివారు పామరుల ముచ్చట అన్న అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. ఆ తర్వాతే ప్రొఫెసర్ల ప్రశ్నలు. గడువు ముగియగానే దండం పట్టుకున్న అధికారి లోపలికి వచ్చి లాటిన్‌లో "వేళయింది" అని ప్రకటిస్తే, చెబుతున్న వాక్యం సగంలో ఉన్నా పరీక్ష అయిపోయినట్లే. స్వీడన్‌లో పరీక్షకు వారాల ముందే థీసిస్‌ను అందరికీ కనబడేలా గోడకు మేకు కొట్టి తగిలించే వేడుక ఉంది. మూడు దేశాల ఆచారాల్లోనూ ఒకే మాట కనిపిస్తుంది: జ్ఞానం పుట్టింది కనుక నలుగురికీ చెప్పాలి.

మన దేశంలో వైవా బహిరంగంగానే జరగాలి. అయితే 2022 దాకా అమల్లో ఉన్న యూజీసీ 2016 నిబంధనలు ఎవరికి ప్రవేశమో చెబుతూ శాఖ అధ్యాపకులను, తోటి స్కాలర్లను, ఆసక్తి ఉన్న ఇతర నిపుణులను, పరిశోధకులను పేర్కొన్నాయి. ఊరి జనం ఆ జాబితాలో లేరు. వైవా రోజున అమ్మానాన్నలు వస్తారు, వెనక బల్ల మీద కూర్చుంటారు, చివర్లో శాలువా కప్పేటప్పుడు, మిఠాయి పంచేటప్పుడు కళ్లు తుడుచుకుంటారు. కొడుకో కూతురో ఏం కనిపెట్టారన్నది మాత్రం ఆ గదిలో వాళ్లకు ఎవరూ చెప్పరు. ఫిన్లాండ్ పద్ధతికీ మన పద్ధతికీ ఉన్న తేడా ఆ 20 నిమిషాలే. మనం అరువు తెచ్చుకోదగ్గ ఆచారం ఇది.

మూడు నిమిషాల గడియారం

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో "త్రీ మినిట్ థీసిస్" అనే పోటీ మొదలుపెట్టింది. అప్పట్లో ఆ రాష్ట్రం తీవ్రమైన కరవులో ఉంది. స్నానానికి మూడు నిమిషాలకు మించి నీళ్లు వాడకుండా జనం స్నానాల గదుల్లో చిన్న ఇసుక గడియారాలు పెట్టుకున్నారు. ఇసుక రాలేంత సేపట్లో స్నానం ముగించగలిగితే, అంతసేపట్లో పరిశోధనను చెప్పలేమా అన్న ఆలోచన అక్కడే పుట్టింది. నియమాలు గట్టివి. కదలని ఒక్క స్లైడు మాత్రమే చూపాలి. వీడియో, శబ్దం, వేషం, చేతిలో వస్తువు ఏవీ ఉండకూడదు. పాట, పద్యం, ర్యాప్ కుదరవు. మూడు నిమిషాలు దాటితే పోటీలో లేనట్లే. 80,000 మాటల థీసిస్‌ను చదివి వినిపించాలంటే 9 గంటలు పడుతుందని నిర్వాహకులు లెక్క చెబుతారు. ఈ పోటీ ఇప్పుడు వందల విశ్వవిద్యాలయాలకు పాకింది. ఫ్రెంచి మాట్లాడేవారి కోసం 2012లో కెనడాలోని క్యుబెక్‌లో ఇదే పద్ధతి "180 సెకన్లలో నా థీసిస్" అన్న అర్థం వచ్చే పేరుతో మొదలై, 2014లో ఫ్రాన్స్‌కు చేరింది. భాష మారగానే పోటీని ఆ భాషలోకి తెచ్చుకున్నారన్న సంగతి మనకు ముఖ్యం.

మన కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2018లో "అవ్‌సర్" పేరుతో రాత పోటీ పెట్టింది. సైన్సు, ఇంజనీరింగ్ స్కాలర్లు తమ పరిశోధనను మామూలు పాఠకుడికి అర్థమయ్యే వ్యాసంగా రాయాలి. మూడు నిమిషాల మాటకన్నా ఇది వేరే రకం శిక్షణ. మాట్లాడేటప్పుడు ముఖం, చేతులు, గొంతు సాయం చేస్తాయి. కాగితం మీద వాక్యం ఒంటరిగా నిలబడాలి.

ఇక అన్నిటికన్నా సాహసం నాట్యం. జాన్ బొహానన్ 2008లో మొదలుపెట్టిన "డాన్స్ యువర్ పిహెచ్‌డి" పోటీని సైన్స్ పత్రిక తన నెత్తికెత్తుకుంది. పరిశోధకులే స్వయంగా ఆడాలి. 2018లో ప్రమోద్ సేనారత్ యాపా అతివాహకత్వాన్ని జంట నృత్యంగా చూపించి గెలిచారు. విడివిడిగా తిరిగే ఎలక్ట్రాన్లు అడ్డంకులకు కొట్టుకుంటాయి, జంటలు కడితే సాఫీగా సాగిపోతాయి. ఆ మర్మం నాట్యంలో కంటికి కనిపిస్తుంది.

2017లో గెలిచిన నాన్సీ షెరిచ్‌ది గణితం, అదీ జడల గణితం. తెలుగింట్లో దీన్ని చెప్పడానికి నాట్యం కూడా అక్కర్లేదు. మూడు పాయలు తీసుకోండి. ఎడమ పాయను నడిమి పాయ మీదుగా వేయడం ఒక కదలిక. కుడి పాయను నడిమి పాయ మీదుగా వేయడం రెండో కదలిక. రెంటినీ మార్చి మార్చి చేస్తే జడ వస్తుంది. మొదటి కదలికనే పదిసార్లు చేస్తే రెండు పాయలు పురి పడతాయి, మూడోది విడిగానే వేలాడుతుంది. ఎడమ తర్వాత కుడి వేయడమూ, కుడి తర్వాత ఎడమ వేయడమూ ఒకటి కావు. అంకెల్లో 3ని 5తో గుణించినా, 5ని 3తో గుణించినా ఒకటే. ఇక్కడ వరస మారితే ఫలితం మారిపోతుంది. ప్రతి కదలికనూ వెనక్కి తిప్పి విప్పవచ్చు. ఎమిల్ ఆర్టిన్ అనే గణితవేత్త 1925లో ఈ నియమాలనే శాస్త్రంగా కట్టాడు. చూడ్డానికి వేరుగా కనిపించే రెండు జడలు నిజానికి ఒకటేనా, వాటిని అంకెల పట్టికలుగా మార్చి తేల్చవచ్చా అన్నవి ఆ తర్వాతి పరిశోధకులు వెంటాడిన ప్రశ్నలు. కూతురికి జడ వేస్తున్న తల్లికి ఇందులో సగం చేతివేళ్లకు తెలుసు. మిగతా సగం చెప్పడమే గణితం స్కాలరు పని.

శీర్షిక వెనకున్న ప్రశ్న

ఏ శాస్త్రమైనా సరే, వివరణ శీర్షికతో మొదలైతే దారి మూసుకుపోతుంది, ప్రశ్నతో మొదలైతే తెరుచుకుంటుంది. పేరుపడిన కొన్ని సిద్ధాంత వ్యాసాలను దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది.

ఐన్‌స్టీన్ 1905లో జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన థీసిస్ సాపేక్షత గురించి కాదు. అణువుల కొలతలను కొత్త పద్ధతిలో నిర్ణయించడం దాని విషయం. ఇలా చెబితే వినేవారు తల ఊపి లేచిపోతారు. అదే ప్రశ్నగా అడగండి: కంటికి కనిపించని చక్కెర అణువు ఎంత పెద్దదో, గ్లాసుడు పంచదార నీళ్లు చూసి చెప్పగలమా? పంచదార కలిపిన నీళ్లు మామూలు నీళ్లకన్నా కాస్త చిక్కబడతాయి. పాకం పట్టిన ప్రతివారికీ ఇది అనుభవమే. ఆ చిక్కదనం ఎంత పెరిగిందో, పంచదార నీళ్లలో ఎంత వేగంగా వ్యాపిస్తుందో రెండూ కలిపి లెక్కగడితే అణువు సైజూ తెలుస్తుంది, ఒక నిర్ణీత బరువులో ఎన్ని అణువులుంటాయో కూడా తెలుస్తుంది. ఆ లెక్కలో ఒక పొరపాటు దొర్లింది. కొత్త ప్రయోగాల అంకెలతో పొసగక పోవడంతో బయటపడింది, 1911లో ఐన్‌స్టీన్ సవరణ ప్రచురించాడు. ఈ చివరి ముక్క వదలకుండా చెప్పాలి. శాస్త్రం ఎలా నడుస్తుందో వినేవారికి అదే నేర్పుతుంది.

మన గణాంకవేత్త సి.ఆర్. రావు కథ ఇంకా ఆసక్తికరం. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చదివి, కలకత్తాలో భారత గణాంక సంస్థలో చేరిన ఆయన 1946లో కేంబ్రిడ్జి వెళ్లాడు. అక్కడ మ్యూజియంలో ఆయన ముందున్నవి ఎముకలు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వకాల్లో దొరికిన పురాతన మానవుల కపాలాలు, అస్థిపంజరాలు. వీళ్లు ఏ జనానికి దగ్గరివాళ్లు? ఒక్క కొలత చూసి తేల్చలేం. తల పొడవు, వెడల్పు, ముక్కు ఎత్తు వంటివన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వాటిని విడివిడిగా పోలిస్తే మోసపోతాం. అన్నిటినీ ఒకేసారి తూచే పద్ధతి కావాలి. బియ్యం కొట్లో అనుభవం ఉన్న షావుకారు గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని రకం చెప్పేస్తాడు. పొడవు, లావు, తెలుపు, నిగనిగ అన్నీ కలిపే చూస్తాడు గాని ఒక్కొక్కటి విడదీసి చూడడు. ఆ చూపును లెక్కగా మార్చే గణాంక పద్ధతులను సి.ఆర్. రావు 1948లో తన పిహెచ్‌డి పరిశోధనలో వికసింపజేశాడు. గణాంకవేత్త మహలనోబిస్ 1936లో ఇచ్చిన దూరపు కొలత అందుకు ఆసరా. ఎముకల కోసం పుట్టిన లెక్క ఎముకల దగ్గర ఆగదు. ఏ వస్తువు ఏ గుంపుకు చెందుతుందో చాలా కొలతలతో తేల్చాల్సిన ప్రతిచోటా అదే రకం ప్రశ్న ఎదురవుతుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1930లో హార్వర్డ్‌లో పిహెచ్‌డి పొందాడు. దానికి ముందే, 1925లో, సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే తేలిక పద్ధతి ప్రకటించాడు. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు తేలుతుంది. భాస్వరం ఎక్కువైతే నీలం ముదురుతుంది, తక్కువైతే పలచబడుతుంది. ముందే తెలిసిన నమూనా పక్కన పెట్టి పోల్చడమే కొలత. ఈ పద్ధతి చేతికొచ్చాకే కండరంలోని రహస్యం బయటపడింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. కండరం పనిచేస్తుంటే అది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ పేరుకుంటుంది. 1929లో, కండరానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు. పరుగెత్తి ఆయాసంతో ఆగిన పిల్లవాడికి, కాసేపటికి మళ్లీ పరుగు అందుకునే బలం ఎక్కడిదో చెప్పే కథ ఇది. నీలిరంగుతో మొదలుపెట్టి చెప్పగలిగితే పదో తరగతి పిల్లలు కూడా చివరిదాకా వింటారు.

సామాజిక శాస్త్రాల దారి వేరు. అక్కడ ప్రశ్న వినేవారి జేబులోనే ఉంటుంది. అంబేడ్కర్ 1923లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డీఎస్సీ పొందిన పరిశోధన రూపాయి సమస్య మీద. రూపాయికి విదేశీ మారకంలో ఎంత వస్తుందన్నదానికన్నా, ఇంట్లో దానితో ఎంత సరుకు వస్తుందన్నదే ప్రజలకు ముఖ్యమన్న వైపు ఆయన వాదన మొగ్గింది. దీన్ని వివరించడానికి ఉపమానం వెతుక్కోనక్కర్లేదు. కష్టమల్లా వేరేచోట. ప్రతివారికీ ధరల మీద ముందే ఒక అభిప్రాయం ఉంటుంది కనుక, అభిప్రాయానికీ సాక్ష్యానికీ తేడా చూపించాల్సిన బరువు పరిశోధకుడి మీద పడుతుంది.

సాహిత్య, జానపద పరిశోధనల్లో మరో ధర్మం ఉంది. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద 1950ల్లో పరిశోధన చేశారు. తిరగటి దగ్గర, రోకటి దగ్గర, నాట్లలో పాడిన పాటలకు విశ్వవిద్యాలయంలో చోటు దక్కింది. ఇలాంటి పనిలో పదార్థం ఇచ్చింది పాడినవాళ్లే. వాళ్లకు తిరిగి చెప్పడం దయ కాదు, బాకీ తీర్చడం. సి. నారాయణరెడ్డి ఆధునికాంధ్ర కవిత్వంలో సంప్రదాయాలు, ప్రయోగాల మీద రాసిన సిద్ధాంత వ్యాసం పుస్తకంగా వచ్చి, పరీక్షల గదులు దాటి మామూలు సాహిత్య పాఠకుల చేతుల్లోకి వెళ్లింది. తెలుగు శాఖల పరిశోధనకు ఉన్న గొప్ప సౌకర్యం ఇదే: రాసిన భాష, చదివే భాష ఒకటే.

మాటల చిక్కు

తక్కిన శాస్త్రాలకు ఆ సౌకర్యం లేదు. పైగా తెలిసిన మాటే అడ్డం తిరుగుతుంది. బస్తా నెత్తిన పెట్టుకుని లారీ కోసం అరగంట కదలకుండా నిలబడ్డ హమాలీ, భౌతిక శాస్త్రం లెక్కలో ఆ బస్తా మీద ఏ "పనీ" చేయలేదు, ఎందుకంటే బస్తా జరగలేదు. ఈ మాట విడమరచకుండా అంటే ఆ మనిషిని అవమానించినట్లవుతుంది. బలం, శక్తి, సామర్థ్యం అనే మూడింటినీ మనం వాడుకలో కలగలిపేస్తాం. పాఠ్యపుస్తకంలో అవి మూడు వేరు వేరు కొలతలు. సిద్ధాంతం అన్నా ఇదే తంటా: వాడుకలో అది ఒకరు నమ్మే మాట, శాస్త్రంలో పరీక్షలకు నిలిచిన వివరణ. వివరించేవారు ఇలాంటి మాట వచ్చినచోట ఒక్క క్షణం ఆగి, ఏ అర్థంలో వాడుతున్నారో చెప్పి సాగాలి.

మరి మంచి మాటలు ఎక్కడ దొరుకుతాయి? భద్రిరాజు కృష్ణమూర్తి 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తెలుగు క్రియాధాతువుల మీద డాక్టరేటు పొందారు. తిరిగొచ్చాక ఆయన ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం మొదలైంది. 1962లో వచ్చిన తొలి సంపుటం వ్యవసాయ పదాలది, తర్వాతది చేనేతది. పల్లెల్లో రైతుల నోట, సాలెవారి నోట విన్న మాటలను ఏ ప్రాంతంలో ఎలా అంటారో రాసిపెట్టిన పని అది. నేల గురించి, నీటి గురించి, పురుగు గురించి పరిశోధిస్తున్న స్కాలరు దాన్ని పక్కన పెట్టుకుంటే, సంస్కృత సమాసాలతో కొత్త మాట కట్టే అవసరం చాలాచోట్ల రాదు. తెలుగు అకాడమీ 1968 నుంచి పాఠ్యపుస్తకాలకు పరిభాష సమకూర్చింది. తరగతి గదికి అది కావాలి. రచ్చబండకు పదకోశం కావాలి. డీఎన్ఏ, వైరస్, సాఫ్ట్‌వేర్ లాంటివి ఇప్పటికే జనం నోట ఉన్నాయి, వాటిని అలాగే వాడటం మేలు.

ఎంతవరకు చెప్పాలి

1925లో ఖగోళ పరిశోధకురాలు సిసీలియా పేన్ తన థీసిస్‌లో నక్షత్రాల వెలుగును విశ్లేషించింది. వెలుగును రంగులుగా విడదీసినప్పుడు ఏ మూలకం గీత ఎంత గట్టిగా కనిపిస్తుందన్నది ఆ మూలకం ఎంత ఉందన్నదాని మీదే కాక వేడి మీద కూడా ఆధారపడుతుందని మేఘనాద్ సాహా 1920లోనే సమీకరణంగా చెప్పాడు. దాన్ని వాడి లెక్క వేస్తే నక్షత్రాల్లో హైడ్రోజన్ ఊహకందనంత ఎక్కువగా తేలింది. పేరుమోసిన ఖగోళవేత్త హెన్రీ నోరిస్ రసెల్ అది అసాధ్యమన్నాడు. ఆమె తన ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని థీసిస్‌లో రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్లకు రసెలే వేరే దారిలో అదే ఫలితానికి చేరాడు.

నిజమైన ఫలితాన్నే ఆమె తగ్గించి చెప్పాల్సి వచ్చింది. జనానికి చెప్పేటప్పుడు సాధారణంగా జరిగే తప్పు దీనికి తలకిందులు. ఎలుకల్లో పనిచేసిన మందు వార్తాశీర్షికలో మనుషులకు మందైపోతుంది. అది చదివి ఆశపడే రోగి కుటుంబాన్ని తలుచుకుంటే, "ఇది ఇంకా ఎలుకల దశలోనే ఉంది" అన్న ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది. ఫలితం పక్కనే హద్దు చెప్పాలి, రెండూ ఒకే ఊపిరిలో. ఇంకో రెండు జాగ్రత్తలు: పేటెంటుకు వెళ్లే ఆవిష్కరణ అయితే దరఖాస్తు పడేదాకా వేదిక ఎక్కకూడదు, ఎందుకంటే ముందే బయటపెడితే కొత్తదనం పోయిందని హక్కు జారిపోవచ్చు. మనుషుల మీద చేసిన పరిశోధనలో వాళ్ల పేరు, ఊరు, ఆనవాలు కథలో దొర్లకూడదు.

తెలుగులో

ఈ పనికి తెలుగులో పునాది గట్టిది. కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నిలబెట్టారు, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకున్నారు. ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిన మహీధర నళినీమోహన్, బొంబాయి భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్, కాలిఫోర్నియాలో పాఠాలు చెప్పిన వేమూరి వేంకటేశ్వరరావు, ముగ్గురూ ప్రయోగశాలల, తరగతి గదుల లోపలి మనుషులై ఉండి, పక్కింటివారితో మాట్లాడినట్లు సైన్సు రాశారు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కళాజాతాలతో శాస్త్రాన్ని ఊరి కూడళ్లకు తెచ్చింది. వీరందరూ ఎక్కువగా చెప్పింది స్థిరపడిన శాస్త్రం. నిన్న మొన్న పూర్తయిన థీసిస్‌ను, దాన్ని చేసిన మనిషి నోటితోనే చెప్పించే అలవాటు మనకింకా రావాలి.

గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో దేశంలోని లక్షల థీసిస్‌లు ఎవరైనా ఉచితంగా తెరిచి చూసుకోవచ్చు. మన విశ్వవిద్యాలయాలవీ అందులో ఉన్నాయి. సైన్సు శాఖలవి దాదాపు అన్నీ ఇంగ్లిషులోనే. డచ్చివారు కూడా థీసిస్‌లు ఎక్కువగా ఇంగ్లిషులోనే రాస్తారు. కాని సాధారణంగా చివర్లో తమ భాషలో సారాంశం జతచేస్తారు. మన థీసిస్‌లోనూ అట్ట వేయించే ముందు తెలుగు పేజీలు నాలుగు కలిపితే చాలు. ఏ పొలంలో మట్టి నమూనా తీశారో ఆ రైతు, ఏ వార్డులో రక్తం తీశారో ఆ మనిషి, ఏ మగ్గం ముందు కూర్చుని ప్రశ్నలడిగారో ఆ నేతగాడు, సెల్‌ఫోన్‌లో ఆ పేజీలు తెరిచి చదువుకుంటారు.